ఏడుపు వినపడేంత మేర

"బిడ్డ మెడ నిలిపినాడా?" అని దుకాణం మురళీకృష్ణ అడిగినప్పుడు రూబీ తడుముకోలేదు.

"నిలిపినాడన్నా. నాలుగో నెల."

వాడికి నిండింది రెండు నెలల పది రోజులు. తల కింద చెయ్యి తీస్తే తోటకూర కాడలా వాలిపోతాడు. కానీ అవసరం పడ్డ మనిషికి నోరు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

ఆ గిద్దలూరు దుకాణంలో బిడ్డను మోసే సంచులు రెండే రకాలు. ఒకటి పడుకోబెట్టి మోసేది, ఒక చెయ్యి ఎప్పుడూ దానికే పోతుంది. రెండోది రొమ్ముకు నిలువుగా బిగించి కట్టుకునేది, రెండు చేతులూ ఖాళీ. చేతులు ఊపకుండా వడిగా ఎవరు నడవగలరు? రూబీ రెండోదే తీసుకుంది.

ఫారెస్టు ఉద్యోగానికి రాతపరీక్ష కడుపుతో ఉండగానే గట్టెక్కింది. మిగిలింది నడక. నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు, ఇంకా ఇరవై రోజులే గడువు. ఇది తప్పితే మళ్లీ రాయడానికి వయసు దాటిపోతుంది. మొగుడు శ్యాంసన్ లారీ మీద ఏ రాష్ట్రంలో ఉన్నాడో. తల్లి దానమ్మ తెల్లారకముందే మిరపకోతల ఆటో ఎక్కుతుంది. ఒక్కరోజు మానితే మేస్త్రి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు, ఇల్లు గడిచేది ఆ కూలితోనే. బిడ్డేమో పాలసీసా నోట పెట్టనివ్వడు. అడకత్తెరలో పోకచెక్క బతుకంటే ఇదే.

దానమ్మ ఆ సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏందమ్మే ఇది? నిన్ను చేలో వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి పండబెట్టినా. పసిబిడ్డ తల్లికి ఏడుపు వినపడేంత మేరే సాళ్లు ఇచ్చేటోళ్లు. అది దాటి ఎవురూ పోయేది లేదు."

"నువ్వు కోసింది మిరపకాయలు. నాది పదహారు కిలోమీటర్లు మా," అని కసిరింది రూబీ.

మర్నాడు పొద్దున్నే బిడ్డను రొమ్ముకు బిగించుకుని కొమరోలు రోడ్డెక్కింది. మొదటి కిలోమీటరు రాయి దాకా ఏడ్చాడు, రెండో రాయి దగ్గర మూలిగాడు, మూడో రాయికి సద్దుమణిగాడు. నిద్రపోయాడు, దేవుడికి స్తోత్రం అనుకుని అడుగు పెంచింది. ఎన్నాళ్లకో కాళ్లు తన మాట విన్నాయి, పిచ్చిది మురిసిపోయింది కూడా.

రోడ్డు పక్క బోరు దగ్గర మోటారు వేస్తున్న శేషమ్మ, ఆ చేను గలావిడ, కేకేసింది. "ఏమ్మే రూబీ! ఆ బిడ్డ తల చూడు, తల!"

చూసింది. గడ్డం గుండెకు అణిగిపోయి ఉంది. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

రూబీ పై ప్రాణాలు పైనే పోయాయి. పట్టీలు ఊడిరావు, వేళ్లు మాట వినవు. శేషమ్మ పరుగున వచ్చి బిడ్డను లాగి, తల వెనక్కి పట్టి, అరికాళ్లు గీకింది. ఒక్క క్షణం. ఇంకొక్క క్షణం. అప్పుడు వాడు గుక్కపట్టి ఏడ్చాడు. రూబీ రోడ్డు మీదే కూలబడి వాడికంటే పెద్దగా ఏడ్చింది. "నేనే చంపుకుంటి పెద్దమ్మా! మెడ నిలవలేదు, నిలిచిందని అబద్ధమాడితి!"

శేషమ్మ ఆటో పిలిచి కొమరోలు ఆసుపత్రికి తీసుకుపోయింది. ఊపిరి బాగానే ఉందని, మెడ నిలిచేదాకా ఆ సంచి ముట్టవద్దని డాక్టరమ్మ గట్టిగా కేకలేసింది.

రూబీ మూడు రోజులు గడప దాటలేదు. నాలుగో రోజు శేషమ్మే వచ్చింది. "బోరు కాడ నేను కూచుంటా. వాడు నా ఒళ్లో ఉంటాడు. నువ్వు పో, నడువు."

రూబీ బోరు దగ్గర పాలిచ్చి, బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి బయల్దేరింది. మామిడితోట దాటగానే వాడి ఏడుపు సన్నబడింది. చింతచెట్టు దగ్గర ఆగిపోయింది. వాడు ఆపాడో, తనకు వినపడలేదో. ముందు నాలుగో రాయి తెల్లగా కనిపిస్తోంది, కాలు మాత్రం కదల్లేదు.

వెనక్కి తిరిగింది. ఏడుపు వినపడింది. బోరు దాకా వచ్చి, వాణ్ని చూసి, మళ్లీ చింతచెట్టు దాకా పోయింది. మళ్లీ వచ్చింది.

"అదేంది, ఆడికే తిరుగుతుండావు?" అని అరిచింది శేషమ్మ.

రూబీ అడుగులు లెక్కపెట్టుకుంది. బోరు నుంచి చింతచెట్టుకు నాలుగు వందల అడుగులు. చేతులు ఊపుతూ, ఏడుస్తూ, ఆ నాలుగు వందల అడుగుల్లోనే పదహారు కిలోమీటర్లూ నడవడం మొదలుపెట్టింది.