రెండు పెట్టెల గిటారు

మా ఆయన సిద్ధరాములుకు సారా అలవాటు లేదు, పేకాట తెలియదు. ఆ మాట ఎవరైనా మెచ్చుకోలుగా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కరెంటు గిటారు అలవాటున్న మొగుడితో కాపురం చేసి చూడమనండి. భవాని పేట్‌లో మాకున్నది ఒకటిన్నర గది. సగం గదిలో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నేను కూర్చుంటాను. పూర్తి గదిలో ఆయన వైర్లు పడుకుంటాయి.

పగలు కుంఠా నాకా దగ్గరి కార్ఖానాలో పవర్‌లూం నడిపేవాడు. పండగలకు దత్తాత్రి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. తొంభై రెండులో, గణపతి పండగకు రెండు వారాల ముందు, ఆ దత్తాత్రి మా గడపలో కూర్చుని చాయ్ తాగుతూ చల్లగా చెప్పాడు.

"సిద్ధా, నీ గిటారు స్టేజి మీద సన్నగ ఇనొస్తుంది. కీబోర్డు వాయించేటాయన ఒకాయన దొరికిండు. గణపతికి చౌక్‌ల ప్రోగ్రాం ఉంది గద, ఆ దినం నిండుగ ఇనిపించు. లేకుంటె ఇగ ఆయన్నే పెట్టుకుంట."

మా ఆయన ముఖం చూసి జాలేసింది. మగ్గం మాకు అన్నం పెడుతుంది కానీ, ఆయన నవ్వేది గిటారు పట్టుకున్నప్పుడే. అందుకని ఆ రెండు వారాలు ఏం చేసినా అడ్డు చెప్పకూడదనుకున్నాను. అదే నా కొంప ముంచింది.

ముందు ఒక పాత యాంప్లిఫైయర్ వచ్చింది. మూతబడ్డ టూరింగ్ టాకీసుది, దాని గొంతు గరుకు. రెండోది తనే ప్లైవుడ్ పెట్టెలో బిగించాడు, దాని గొంతు తీపి. మధ్యలో బొంబాయి నుంచి తెప్పించిన, కాలితో తొక్కే పెడల్ ఒకటి. గిటారు వైరు ఒకటి అందులోకి వెళ్తే రెండు వైర్లు బయటికొస్తాయి, ఎడమ పెట్టెకు ఒకటి, కుడి పెట్టెకు ఒకటి.

"తియ్యగ గావాల్నంటె గిది పెంచాలె, గరుకు గావాల్నంటె గది. రెండు గలిస్తె చౌక్ అంత నిండుతది," అన్నాడు.

ఎడమది ఒక్కటే మోగిస్తే నా చాటలో తునికాకులు కదిలాయి. కుడిదీ అంతే. రెండూ కలిపేసరికి నీళ్లు కలిపిన పాలలా పలచబడింది.

"ఒక్కటున్నప్పుడే మంచిగుండె. ఇప్పుడు కింది సప్పుడంత పోయింది," అన్నాను.

"నీకేం దెల్సు గోదావరీ. నాకు మస్తు ఇనొస్తుంది."

చెయ్యి పట్టి లాక్కొచ్చి, రెండు పెట్టెల నడుమ నేను కూర్చున్న చోటే నిలబెట్టి, తీగ మీటమన్నాను. అక్కడా మస్తుగానే ఉందన్నాడు. నాకు అనుమానం వచ్చింది. ఆయన కుడిపక్కకు వెళ్లి మెల్లిగా, "పప్పు మాడుతుంది," అన్నాను. కదలలేదు. ఎడమపక్కకు వచ్చి అదే మాట అన్నాను. గిటారు వదిలి పొయ్యి వైపు పరుగెత్తాడు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

తల దించుకున్నాడు. "మొన్నటి శివరాత్రి సంది. కుడి చెవుల ఏం ఇనవడ్తలేదు. దత్తాత్రన్నకు చెప్పకు, తీసేస్తడు."

ఏడుపొచ్చింది, కోపం అంతకంటే ముందొచ్చింది. ఇన్నాళ్లు నా దగ్గర కూడా దాచాడు. వారం రోజులు మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కానీ పండగకు ఉన్నవి మూడు రోజులే.

"తీగ మీటు," అని చెప్పి రెండు స్పీకర్లలో అదిరే కాగితపు గిన్నెల మీద రెండు అరచేతులు పెట్టాను. బీడీలో ఒక్క పలుకు పొగాకు ఎక్కువైనా పట్టేసే చేతులివి. ఎడమది నా చేతిని ముందుకు తోస్తుంటే, కుడిది లోపలికి పోతోంది.

"ఇది ముందుకొస్తె అది ఎనకకు వోతుంది. వైర్లు ఎట్ల కలిపినవ్?"

"మగ్గాల లెక్కనే," అన్నాడు గర్వంగా. "జోడి మగ్గాలు ఎదురుబొదురు ఉంటయి గద, ఒకటి ఎడమచేతిది, ఒకటి కుడిచేతిది. నడుమ నిలబడ్డోనికి రెండు అందాలె. అందుకే కుడి పెట్టెల ఎర్ర వైరు, నల్ల వైరు తిప్పి పెట్టిన."

నెత్తి కొట్టుకున్నాను. వైర్లు మార్చాక రెండు పెట్టెలూ ఒక్కసారే నా చేతులను తోశాయి. గిన్నెలు మోగాయి. పక్కింటి యల్లమ్మ గోడ మీద గరిటెతో కొట్టింది. చౌక్ నిండుతుందని నాకు నమ్మకం కుదిరింది.

ఇక మిగిలింది చెవి. కార్ఖానాలో మగ్గాల హోరుకు మాట వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆ సైగలు నాకూ నేర్పాడు. ప్రోగ్రాం రోజు ముందు వరుసలో, రెండు పెట్టెలకు సరిగ్గా నడుమ కూర్చుని, కుడిది పెంచు, ఎడమది తగ్గించు అని చేతులాడిస్తూనే ఉన్నాను. ఆయన నన్నే చూస్తూ, పాటకూ పాటకూ మధ్య సరిచేసుకున్నాడు. నాకు పూనకం వస్తుందేమోనని యల్లమ్మ కొంచెం దూరం జరిగింది.

అంతా అయ్యాక దత్తాత్రి స్టేజి వెనక్కు వచ్చాడు. "నిండింది సిద్ధా. నీ చెవులు మస్తు పనిచేస్తున్నయి."

చెప్పొద్దని నేను కళ్లతోనే మొత్తుకున్నాను. మా ఆయన వైరు చుడుతూ అననే అన్నాడు.

"నాది ఎడమ చెవి ఒక్కటే అన్నా. కుడిది పోయింది. ఇయ్యాల కుడి చెవి గోదావరిది."

దత్తాత్రి ఆయనను చూశాడు, నన్ను చూశాడు.

"వచ్చే ఐతారం హోట్గి రోడ్‌ల ప్రోగ్రాం ఉంది," అన్నాడు చివరికి. "టెంపోల ఇద్దరికి జాగ పెడుత."

బీడీల చాటకు కూడా జాగా కావాలని చెప్పాను.