బూట్లలో పొలం

"యుద్ధం ముగిసిన మర్నాడే నీ పొలం నీ చేతిలో పెడతాం. ఇది ప్రభుత్వం మాట."

ఆ మాట ఇచ్చినాయన కుర్చీలు మారుతూ పైకెక్కి, ఆఖరికి ఆఫీసు గోడమీద పటమై వేలాడుతున్నాడు. మాట మాత్రం బూట్ల మామ చెవిలోనే ఉండిపోయింది.

బూట్ల మామ పొద్దున్నే లేచి మొదట చేసే పని బూట్లు బోర్లించడం. ఖాళీగా విప్పి పడుకుంటాడు. తెల్లారేసరికి అవి నల్లటి చెమ్మమట్టితో నిండి ఉంటాయి. యుద్ధంలో పోయిన అతని పొలం మట్టే అది. పెరట్లో గుమ్మరిస్తుంటే వెనకే భార్య చీపురుతో వస్తుంది.

"ఏమయ్యా, నీ పొలానికి గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకుని రావడం తెలీదా?"

పక్కింటావిడ పూలకుండీ పట్టుకుని గోడ మీదుగా తొంగిచూస్తుంది. "అన్నయ్యగారూ, ఇవాళ్టిది కాస్త ఇటు పడేయండి. నిన్నటి దాంట్లో అన్నీ గడ్డి వేళ్ళే." చెప్పులు కుట్టేవాడైతే వానపాములున్న బూటు తను ముట్టనని ఎప్పుడో తెగేసి చెప్పాడు.

యుద్ధం వచ్చినప్పుడు అసలు పోలీసులంతా సరిహద్దుకు వెళ్ళిపోయారు. గొంతు గట్టిదని, అరక తోలుతున్న ఈ మనిషిని పిలిచి టోపీ, కర్ర, బూట్లు ఇచ్చి పోలీసును చేశారు. సైన్యానికి ఎద్దులో, బండో, ధాన్యమో, పొలమో కావాలంటే, అది ఉన్న ఇంటి తలుపు కర్రతో మూడుసార్లు కొట్టి, ఫలానా తారీఖులోగా అప్పగించాలని బిగ్గరగా చెప్పాలి. యుద్ధకాలంలో పోలీసు గడప ముందు పలికిన ఆజ్ఞను ఎంతటివాడైనా పాటించాల్సిందే. అదీ చట్టం.

అతను ఒక్క గడపా వదల్లేదు. తన పొలం వంతు వచ్చిన రోజున తన తలుపే మూడుసార్లు కొట్టాడు. భార్య పిండిచేతులతో వచ్చి తీసింది. ఎదుట నిలబడి, వీధంతా వినేలా ఆమెకే ఆజ్ఞ వినిపించాడు.

"లోపలికొచ్చి చెప్పినా వినేదాన్నేగా!" అని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

"ఊరివాళ్ళ ఎద్దులు తోలుకెళ్ళినవాణ్ణి, నా ఇంటిని వదిలేస్తే ఏ మొహం పెట్టుకుని తిరగను?" అంటాడు అతను. చట్టం అందరికీ ఒక్కటే అని నమ్మినవాడు ఆ చట్టం మొత్తానికి అతనొక్కడే.

పొలంలో మందుగుండు గోదాము లేచింది. తుపాకులు ఆగిపోయాయి. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అతని నడుం వంగింది గానీ ఆఫీసు వంగలేదు. గుమస్తాలు మారారు, జవాబు మారలేదు: "కాగితం మీద యుద్ధం ఇంకా అయిపోలేదు."

"ఇంక నావల్ల కాదే," అన్నాడు ఒకనాడు భార్యతో. "వచ్చిన మట్టి రానీ. మనం పోయేలోగా ఒక మడంత అయితే చాలు."

ఆ వారమే కొత్త ఆఫీసరు జీపు దిగాడు. పెరట్లోని మట్టిగుట్టను చూసి విసుక్కున్నాడు.

"పెద్దాయనా, అక్కడ గోదాము కుంగిపోతోంది. తూర్పు గోడ కూలింది. రోజూ రెండు బూట్లు తోడేస్తే ఏ నేలైనా ఎంతకని తట్టుకుంటుంది? ఆ బూట్లు ప్రభుత్వానివి. ఇచ్చేయండి."

"యుద్ధం అయిపోగానే ఇచ్చేస్తాను బాబూ."

"అది ఎప్పుడో..." ఆఫీసరు నాలుక కరుచుకున్నాడు. అయిపోయిందంటే పొలం వదలాలి. "కాగితం మీద ఇంకా నడుస్తోందిగా."

వంటింట్లోంచి భార్య గొంతు వినబడింది. "అయితే ఈయన ఉద్యోగమూ నడుస్తున్నట్టేగా నాయనా? తీసేశామని ఎవరూ చెప్పలేదు మరి."



బూట్ల మామ అరుగుమీద కూలబడి, నెమ్మదిగా బూట్లు తొడుక్కున్నాడు. భార్య అటకమీది టోపీ దించి, కొంగుతో దుమ్ము దులిపి, అతని తలమీద సరిగ్గా పెట్టింది.

"ఈసారైనా మనింటి తలుపు కాదు కదా?"

"కాదులే."

వీధి మలుపులోనే ఆఫీసు. పక్కింటావిడ కుండీతో సహా వెనక నడిచింది. అతను కర్రతో తలుపును మూడుసార్లు కొట్టాడు. గుమస్తాలు బయటికొచ్చారు. అతని గొంతు బొంగురుపోయి ఉంది. అయినా వీధి చివరిదాకా వినబడింది.

"యుద్ధకాలపు ఆజ్ఞ! రైతు పొలం రైతుకు అప్పగించాలి. లేదా ఈ యుద్ధం ఇంకా ఎవరి మీద నడుస్తోందో నలుగురి ముందూ జవాబు చెప్పాలి. గడువు, మార్చి ముప్పయ్యొకటో తారీఖు, పొద్దుగుంకేలోగా."