పగడానికి బారసాల

కొడుకు పెళ్ళికి కూడా అచ్చియమ్మ అంత హడావిడి పడలేదు. పొద్దున్నే లేచి నిమ్మకాయ పులిహోర కలిపింది, ఏటికొప్పాక గిలక్కాయ తెప్పించింది, వీధి వీధంతటినీ పిలిచింది. ఇంతకీ బారసాల ఎవరికయ్యా అంటే, హాల్లో కోడలు పెంచుతున్న ఉప్పునీళ్ళ అక్వేరియంలో, రాయి మీద మొలిచిన వేలెడంత పగడానికి!

నెల క్రితం ఇదే అచ్చియమ్మ ఆ అక్వేరియాన్ని చూస్తేనే మండిపడేది. "సేపలైతే ఒండుకుంటాం. రాళ్ళకి ఉప్పునీళ్ళేటి, రంగు దీపాలేటి? ఆ మూల కాళీ సేసీ. నా బియ్యం డ్రమ్ము అక్కడెట్టుకుంటాను" అని తీర్పు చెప్పేసింది. కోడలు లావణ్యకు గుండె జారిపోయింది. అందులో ఉన్నది ఒకే ఒక్క పగడం. విశాఖలో ఉండే స్నేహితురాలు ప్రేమజ్యోతి తన దగ్గరున్న దాన్నుంచి ఒక కొమ్మ తుంచి ఇచ్చింది. అది పైకి చాచే మెత్తటి వేళ్ళ కొనలు బుల్లి సుత్తుల్లా ఉంటాయి కాబట్టి సుత్తి పగడం అంటారు. ఆ సుత్తులు నీళ్ళలో ఊగుతుంటే లావణ్య అన్నం కూడా మర్చిపోయేది.

సరిగ్గా అప్పుడే, సుత్తి పగడం పక్కన రాతి కన్నంలోంచి ఒక బుల్లి పువ్వు తలెత్తింది. నీలి దీపం కింద అచ్చం తల్లి రంగే.

"అత్తా, మన పగడానికి పిల్ల పుట్టింది!"

అచ్చియమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసింది. అంతే, వెన్నలా కరిగిపోయింది. "ఒలమ్మో! తల్లి పక్కన ఎలాగూగతందో సూడే! బాలింతరాలున్న మూల కాళీ సెయ్యమంటానేటి? డ్రమ్ము వంటింట్లోనే ఉంటాదిలే."

కొమ్మ ఇచ్చిన రోజే ప్రేమజ్యోతి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. కొత్తగా ఏది మొలిచినా రంగు చూసి పేరు పెట్టకు, వేళ్ళ కొనలు చూడు, అడుగున పగడానికుండే రాతిగూడు ఉందో లేదో చూడు, అదీ తెల్లటి వెలుతురులో చూడు అని. లావణ్యకు బజార్లో మ్యాచింగ్ సెంటరుంది. చీరకు జాకెట్టు గుడ్డ కలపాలంటే గుమ్మం బయట ఎండలోకి పట్టుకెళ్ళి గాని ఒప్పుకోని మనిషి! డ్రమ్ము గండం తప్పిన సంబరంలో ఆ తెలివి కాస్తా గాలికి పోయింది.

పేరంటాళ్ళతో హాలు నిండింది. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో 'పగడాలు' అని రాశారు. ఆసుపత్రి డ్యూటీ నుంచి సరాసరి వచ్చిన పక్కింటి నర్సు రాచెల్ ముందు వరసలో కూర్చుంది.

"ఆ నీలం దీపంలో పిల్ల సరిగా అవుపడ్డం లేదండీ. తెల్లది ఎయ్యండి" అంది రాచెల్.

తెల్ల దీపం వెలిగింది. తల్లి పచ్చగానే ఉంది, పిల్ల మాత్రం వెలిసిపోయి బురద రంగుకు తిరిగింది. వేళ్ళ కొనల్లో సుత్తుల్లేవు, సూదుల్లా ఉన్నాయి. అచ్చియమ్మ మురిసిపోతూ గిలక్కాయతో అద్దం మీద తట్టింది. పిల్ల చటుక్కున కన్నంలోకి మాయమైంది. రాతిగూడూ లేదు, పాడూ లేదు. పిల్ల వైపున్న సుత్తి పగడం వేళ్ళేమో వాడిపోయి ముడుచుకుని ఉన్నాయి.

లావణ్య నెత్తిన పిడుగు పడ్డట్టయింది. అది ఐప్టేసియా, పగడాల పాలిట కలుపు. పక్కనున్నదాన్ని కుట్టి కుట్టి చంపుతుంది. నిజం చెబితే డ్రమ్ము వస్తుంది, చెప్పకపోతే పగడం పోతుంది. ముడుచుకున్న ఆ వేళ్ళను చూసి ఉండబట్టలేకపోయింది.

"అత్తా, పేరు పెట్టకు. అది పగడం కాదు, కలుపు. నేనే పోల్చుకోలేకపోయాను."

గిలక్కాయ ఆగిపోయింది. అచ్చియమ్మ వాడిన వేళ్ళవైపు వంగి చూసింది.

"మా మడిలో ఊద కూడా ఇంతే. వరిలో వరినాగే ఉంటాది, దొంగముండ!" అంది. "ఇంకా సూస్తావేటే? బేగి పీకీ!"

"పీకితే ముక్కముక్కా మొలుస్తుందత్తా. నిమ్మరసం సూదితో ఎక్కించాలి."

అందరి కళ్ళూ రాచెల్ సంచి మీద పడ్డాయి. "నా సర్వీసులో ఇలాటి పేషెంటుని సూళ్ళేదండీ" అంటూ ఆమె కొత్త సిరంజి తీసింది. పులిహోరకు పిండగా మిగిలిన నిమ్మచెక్క ఒకటి వంటింట్లోంచి వచ్చింది. అక్వేరియంలో నీళ్ళు తిప్పే మోటారు ఆపి అందరూ ఊపిరి బిగబట్టారు. కలుపు మెల్లగా తలెత్తింది. లావణ్య దాని నోట్లోకి సూది దించింది. అది గిలగిలా ముడుచుకుపోయింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. బారసాలకొచ్చి హత్య చూసి చప్పట్లు కొట్టిన పేరంటాళ్ళు లోకంలో ఇంకెక్కడా ఉండరు.

నవ్వులు సద్దుమణిగాక లావణ్యకు మళ్ళీ గుబులు పుట్టింది. పిల్లే లేనప్పుడు బాలింతరాలెక్కడిది? అచ్చియమ్మ బియ్యం పళ్ళెంతో లేచింది. ఆ బియ్యం డ్రమ్ములో పోసి, డ్రమ్ము ఇటు దొర్లించుకు రావడమే తరువాయి అనుకుంది లావణ్య.

అచ్చియమ్మ మాత్రం అక్వేరియం దగ్గరికే వెళ్ళి, సుత్తి పగడం వైపు అద్దానికి నోరు ఆనించింది.

"పగడాలూ! ఓ పగడాలూ!" అని గుసగుసగా పిలిచి, కోడలివైపు తిరిగింది. "ఆ బిక్కమొగమేటే? పేరెట్టీసినాక పిల్లని ఇంట్లోంచి ఎవులైనా గెంటుతారేటి? ఆ గిలక్కాయ ఇలాగియ్యి."