ఒకే పేరున్న రెండు సర్వర్లు

రాఘవేందర్‌కు సర్వర్లను నడిపే యూనిక్స్‌లో రెండే పనులు వచ్చు: కాపీ చేయడం, తుడిచేయడం. మూడో విద్య, కన్సల్టెంటునని చెప్పుకోవడం. మేడ్చల్ విత్తనాల కంపెనీలో ఆ మూడోదే బాగా చెల్లింది.

ఆ ఉదయం కండ్లకోయ ఆఫీసులో పాత సర్వర్ మొత్తాన్ని, ఆపరేటింగ్ సిస్టంతో సహా, నెట్‌వర్క్ మీదుగా కొత్త సర్వర్‌లోకి కాపీ చేశాడు. పదకొండేళ్ల పంట పరీక్షల రికార్డులవి. పాతదాని డిస్క్ చావుబతుకుల్లో ఉంది. ఇంకో కాపీకి తట్టుకోదు.

ఇప్పుడు ఎండీ జయకృష్ణ కళ్లెదుటే పాతదాన్ని తుడిచి చూపించాలని, ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌లోకి లాగినై కూర్చున్నాడు.

"సార్, జర ఆగుండ్రి," అంది సర్వర్లు చూసుకునే నజ్‌నీన్. "మొత్తం కాపీ జేసిండ్రు గదా, పేరు, నెట్‌వర్క్ అడ్రసు గూడ కొత్తదాంట్లకు వచ్చినయి. రెండూ నడుస్తున్నయి. మీరు దేంట్ల ఉన్నరో ఎట్ల తెలుస్తది?"

"తెర మీద పేరు కనవడ్తలేదా? సీడ్‌వన్. పాతదే."

"కొత్తదాని పేరు గూడ గదే సార్."

"పదేండ్ల సర్వీసమ్మా నాది. నువ్వు పోయి ప్రింటర్ల కాగితాలు వెట్టుకో."

జయకృష్ణ నవ్వాడు. నజ్‌నీన్ పక్కనున్న సర్వర్ల గదిలోకి వెళ్లింది.

రాఘవేందర్ తుడిచే కమాండు కొడుతుండగా సగంలో తెర మీద అక్షరాలు ఆగిపోయాయి. కసిగా మిగతాదీ కొట్టాడు. ఎంటర్ నాలుగుసార్లు బాదాడు. తెర కదల్లేదు.

"ఏందిది? నెట్ పోయిందా?"

నజ్‌నీన్ గుమ్మంలోకి వచ్చింది.

"నెట్ మస్తుగుంది సార్. కొత్త సర్వర్ వైరు పీకిన, గంతే. మీరు తుడిచేది పాతదాన్ని గదా? మీకెందుకు ఆగింది?"

జయకృష్ణ నవ్వు మాయమైంది.

"వైరు పెట్టు! జల్దీ!" రాఘవేందర్ అరిచాడు.

"పెడ్తే ల్యాప్‌టాప్‌ల ఆగిన మీ కమాండు, ఎంటర్లన్నీ పోయి దాంట్ల దిగుతయి. పదకొండేండ్లు ఊడ్చుకపోతది. ముందుగాల ల్యాప్‌టాప్ ఆపుండ్రి."

రాఘవేందర్ చెయ్యి కీబోర్డు మీద తడుముకుంది.

"బటన్ యాడుందో గూడ జెప్పాల్నా?" అంది నజ్‌నీన్.

జయకృష్ణే వంగి, తెర నల్లబడేదాకా బటన్ నొక్కి పట్టుకున్నాడు.

"ఇగ ఏం జెయ్యాలమ్మా?"

"కొత్తదానికి పేరు, అడ్రసు మార్త సార్. రికార్డులన్నీ వచ్చినయా లేదా ఒక్కొక్కటి సరిచూసేదాంక పాతదాన్ని ఎవ్వరూ ముట్టొద్దు."

రాఘవేందర్ నోరు తెరవబోయాడు.

"మీరైతే అసలే ముట్టొద్దు," అంది నజ్‌నీన్.