విమానమెక్కని హిమాయత్

తోటలోని మామిడి తనకిమ్మని గౌరయ్యను ఒప్పించడానికి సుచిత్ర ఆ చలికాలమంతా అలియాబాద్ చుట్టూ తిరిగింది.

మేడ్చల్ దారిలో ఆమెకు చిన్న ప్యాకింగ్ కేంద్రం ఉంది. చుట్టుపక్కల రైతుల పండ్లు, కూరగాయలు, ఫ్యాక్టరీల్లో గడ్డకట్టించిన పరోటాలు, సమోసాలు పెట్టెల్లో సర్ది, చల్లటి వ్యాన్‌లో శంషాబాద్ చేర్చి, గల్ఫ్ దేశాలకు వెళ్లే విమానాల్లో పంపుతుంది. ఫ్యాక్టరీల సరుకుతోనే ఇల్లు గడుస్తున్నా, ఆమె మనసంతా పండ్ల మీదే. గౌరయ్య తోటలోని హిమాయత్ మామిడిని ఒకసారి రుచి చూశాక ఇంకేదీ ఆనలేదు.

ఆ తోట అలియాబాద్‌లో, కరీంనగర్ రోడ్డుకు దగ్గరగా ఉంటుంది. దాని చుట్టూ ఉన్న చేలన్నీ ఎప్పుడో ప్లాట్లయి, హద్దురాళ్లు లేచాయి. తోట గౌరయ్యది, ఆయన తమ్ముడు పరమేశ్‌ది ఉమ్మడి. పరమేశ్ భూముల బేరాల్లో తిరిగే మనిషి. అమ్మేద్దామని ఏటా పోరుతాడు. గౌరయ్య ఏటా వచ్చే ఏడు చూద్దామంటాడు.

"దుబాయిల మన పండు ఎవరు తింటరు బిడ్డా?" అన్నాడు గౌరయ్య మొదట్లో.

"ఎందుకు తినరు కాకా? మన హైదరాబాదోళ్లు మస్తుమంది ఉన్నరు ఆడ. హిమాయత్ అంటే పానం ఇడుస్తరు. ఇంకెన్నేండ్లు మార్కెట్ల దళారి చెప్పిందానికి తలూపుతవు?"

గౌరయ్య నవ్వాడు గానీ అవునని అనలేదు. చివరికి ఒకరోజు పరమేశే మధ్యలో కలగజేసుకున్నాడు. "సరే అన్నా, గీ ఒక్క కాపు సూద్దాం. దుబాయిల నడిస్తే తోట జోలికి రాను. నడవకుంటే మాత్రం ఇగ నువ్వు సంతకం పెట్టాలె."

గౌరయ్య సుచిత్ర వైపు చూశాడు. "ఏమంటవ్ బిడ్డా?"

"నడుస్తది కాకా. నాది పూచీ," అంది సుచిత్ర. ఆ మాట అనేటప్పుడు ఆమెకు కొంచెం కూడా భయం వేయలేదు.

ఎండాకాలం వచ్చింది. దుబాయిలో ఒక దుకాణందారు సరుకు తీసుకుంటానన్నాడు. హిమాయత్‌ను మరీ పచ్చిమీద తెంపితే దాని రుచి రాదు. అందుకని సుచిత్ర కాయ కాస్త రంగు తిరిగేదాకా ఆపించింది. తెంపిన మర్నాడే విమానం ఎక్కితే, అంగట్లో పెట్టేసరికి సరిగ్గా పండుతుందని లెక్క. కాయ కందకుండా ఒక్కొక్కదానికీ మెత్తటి తొడుగు వేసి పెట్టెల్లో పెట్టారు. గౌరయ్య ఉతికిన పంచె కట్టుకుని పెట్టెల వెంటే మేడ్చల్ వచ్చాడు. వ్యాన్ లోపలికి తల పెట్టి చూశాడు.

"అబ్బ, సల్లగుంది. నేను గూడ వస్త శంషాబాద్ దాక."

"ఈ ఎండల ఎందుకు కాకా పరేషాన్? ఇంటికి పో. విమానం ఎక్కంగనే ఫోన్ జేస్త."

అదే వ్యాన్‌లో వెనక భాగాన, మరింత చల్లగా ఉండే అరలో, శ్రీకాంత్ వాళ్ల ఫ్యాక్టరీ పరోటాల పెట్టెలు కూడా ఉన్నాయి. అవి మామూలుగా ఓడలో పోయేవి. దుబాయిలో కొత్త దుకాణం తెరుస్తున్నారని ఈసారి విమానానికి మార్చారు.

మధ్యాహ్నం దాటాక విమాన సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. సెలవుల రద్దీ వల్ల ప్రయాణికుల సామాన్లే నిండిపోతున్నాయట. సుచిత్ర సరుకులో సగానికే చోటు ఉందట. ఏవి ఎక్కించాలో వెంటనే చెప్పమన్నారు.

ఆమె ఇంకా ఫోన్ చేతిలో పట్టుకుని ఉండగానే శ్రీకాంత్ ఫోన్ చేశాడు. అతనికి అప్పటికే ఎవరో చెప్పేశారు.

"మేడమ్, మాయి ఇయ్యాల పోవాలె. పోకుంటే మేం వేరేటోళ్లను సూస్కోవాల్సొస్తది. ఏమనుకోకుండ్రి."

పరోటాలు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. వెనక్కి తెచ్చి ఫ్రీజర్‌లో పెడితే నెలలైనా ఆగుతాయి. ఆ సంగతి సుచిత్రకు తెలియనిది కాదు. కానీ ఆ నిమిషంలో ఆమెకు కేంద్రంలో పనిచేసే ఆడవాళ్లు కనిపించారు, ఫ్యాక్టరీ సరుకు ఆగిపోతే ఖాళీగా పడి ఉండే గదులు కనిపించాయి. గౌరయ్య మనవాడే, అర్థం చేసుకుంటాడనుకుంది. మామిడి తర్వాతి విమానంలో పోతుందిలే అనుకుంది.

"పరోటాలు ఎక్కించండి," అని చెప్పింది.

తర్వాతి విమానంలోనూ చోటు దొరకలేదు. ఆ రోజు ఆగిపోయిన అందరి సరుకుతో విమానాశ్రయంలోని చల్లగది నిండిపోయింది. మామిడి పెట్టెలు బయట షెడ్డులో, ఆ ఎండవేడిలో ఉండిపోయాయి. మర్నాడు కూడా చోటు లేదన్నాక, వెనక్కి తెమ్మని డ్రైవర్ ఓదెలుకు చెప్పింది. కేంద్రం దగ్గర ఓదెలు వ్యాన్ తలుపు తీయగానే పండిన మామిడి వాసన గుప్పున కొట్టింది. పైవరుస పెట్టె ఒకటి విప్పితే కాయలు మెత్తబడి, తొడిమల దగ్గర నల్లబారి ఉన్నాయి.

ఆమె అదే వ్యాన్‌లో ఓదెలు పక్కన కూర్చుని అలియాబాద్ వెళ్లింది.

గౌరయ్య వాకిట్లోనే ఉన్నాడు. పెట్టెలు దించుతుంటే చూశాడు. అన్నీ దించాక అడిగాడు.

"మనయి ఎందుకు ఆగినయ్ బిడ్డా?"

"విమానంల జాగ లేకుండె కాకా. సగమే ఎక్కిస్తమన్నరు."

"మరి ఎవలయి ఎక్కినయ్?"

"పరోటాలు."

"అవి గడ్డగట్టినయే గద?"

"ఆ."

"మళ్ల ఫ్రిజ్జుల వెడితే ఆగుతయ్ గద?"

సుచిత్ర తల వంచుకుంది. గౌరయ్య లోపలికి తిరిగి, "విజయా, బిడ్డకు మంచినీళ్లియ్యి," అని భార్యను కేకేశాడు. విజయమ్మ నీళ్లు తెచ్చింది. ముగ్గురూ కూర్చుని, పాడవనివి ఏరి పక్కన పెట్టారు. ఏరినవాటిని సాయంత్రం ఓదెలు శామీర్‌పేట రోడ్డు పక్కన పెట్టి, వచ్చిన ధరకు అమ్మాడు. పరమేశ్ వచ్చి చూశాడు. ఎత్తిపొడుస్తాడేమోనని సుచిత్ర బిక్కుబిక్కుమంటూ ఉంది. అతను మాత్రం అన్న భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

కొద్దిరోజులకు ఇంకో సరుకు గురించి శ్రీకాంత్ ఫోన్ చేసినప్పుడు, పరోటాలు బాగున్నాయా అని అడిగింది.

"మంచిగున్నయ్ మేడమ్. ఆడ గోదాంలనే ఉన్నయ్. దుకాణం తెరుసుడు వచ్చే నెలకు జరిపినం."

ఆమె సరేనని పెట్టేసింది. ఆ రోజు ఇంకెవరి ఫోనూ ఎత్తలేదు.

అలియాబాద్ వెళ్లాలని రోజూ అనుకునేది. వచ్చే కాపును తానే దగ్గరుండి, ఇంకెవరి సరుకూ కలపకుండా పంపిస్తానని చెప్పాలి. నీ పండులో ఏ లోపమూ లేదు, లోపమంతా నాదేనని పరమేశ్ ముందు చెప్పాలి. ఏమేం చెప్పాలో మనసులో సిద్ధం చేసుకునేది. తీరా బయల్దేరబోయేసరికి, ఆయన చివర్లో అడిగిన ఆ రెండు ప్రశ్నలు గుర్తొచ్చి మళ్లీ ఏదో పనిలో పడేది. వానలు మొదలయ్యాయి. బతుకమ్మ పండుగ కూడా వెళ్లిపోయింది.

చివరికి గుండె చిక్కబట్టుకుని వెళ్లిన రోజున, దూరం నుంచే రంపపు మిషన్ చప్పుడు వినిపించింది. సగం తోట నేలమీద ఉంది. పచ్చి ఆకుల వాసన రోడ్డుదాకా వస్తోంది. గౌరయ్య తలకు తువ్వాల చుట్టుకుని, కొమ్మలు దారికి అడ్డం పడకుండా కూలీలకు చెబుతున్నాడు. ఆమెను చూసి దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడొచ్చినవా బిడ్డా?"

"కాకా, వచ్చే ఏటికి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"నువ్వొస్తవని సూసిన. ఇంకో కాపు సూద్దాం, ఆ పిల్ల ఏదో ఒకటి జెప్తది అని పరమేశ్‌ను ఆపుకుంట వచ్చిన. వాడు గూడ ఆగిండు పాపం. పండుగ దాటినంక ఇగ ఏం జెప్పి ఆపాలె?"

"మొఖం చెల్లలే కాకా."

"మొఖం చెల్లకుంటే ఫోనన్న జెయ్యొద్దా?"

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.  ఇంకో చెట్టు పడింది. గౌరయ్య అటు చూడలేదు.

"ఎండల నిలబడకు. విజయ వండింది, ఇంత తిని పో," అన్నాడు.

సుచిత్రకు వద్దనే హక్కు కూడా తనకు లేదనిపించింది. లోపలికి వెళ్లి కూర్చుంది. విజయమ్మ పళ్లెం పెట్టి, పప్పు వడ్డించింది. బయట మిషన్ ఆగి ఆగి మోగుతూనే ఉంది. సుచిత్ర పెట్టిందంతా తిని, చెయ్యి కడుక్కుని, ఇద్దరికీ పోయొస్తానని చెప్పి బయల్దేరింది.