నలభైగారి బ్రేకులు

బయల్దేరేముందు దేవుణ్ణి తలుచుకునేవాడికి బ్రేకులెందుకు? మంచి బ్రేకులున్నవాడికి దేవుణ్ణి తలుచుకోవడమెందుకు? ఈ సందేహం నలభైగారిని ఏళ్ల తరబడి పట్టుకుని వదల్లేదు. పెద్దవాళ్లను అడిగితే "రెండూ ఉండాలి నాయనా" అన్నారు. అది జవాబు కాదని ఆయనకు తెలుసు. అయినా రోజూ స్టీరింగు ముందు కళ్లు మూసుకుని చేతులు జోడించేవారు. తర్వాత కళ్లు తెరిచి, పెడల్‌ను ఒకసారి తొక్కి చూసుకునేవారు. ఇద్దరిలో ఎవరికీ కోపం రాకూడదు కదా.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. స్పీడు ముల్లును నలభై దాటనివ్వరు గనుక నలభైగారయ్యారు. ఆ బండి మాత్రం నూట ఎనభై కోసం పుట్టింది. ఎర్రగా, నేలకు అంటుకున్నట్టు, రెండే సీట్లతో, వయసు మీదపడినా పొగరు తగ్గని స్పోర్ట్స్ కారు. మామగారు పోతూ పోతూ దాన్ని కన్నకొడుకును కాదని అల్లుడి చేతిలో పెట్టారు. "వాడికిస్తే బండీ మిగలదు, వాడూ మిగలడు. మీ దగ్గరైతే తుప్పు పట్టి పోతుందే గాని గుద్దుకుని పోదు" అన్నారు. అది మెప్పో దెప్పో నలభైగారు తేల్చుకోలేకపోయారు. ఎవరైనా తనను నమ్మి ఏదైనా అప్పగించడం అదే మొదలు గనుక మెప్పు కిందే జమకట్టుకున్నారు.

కదలనని మొరాయించే బళ్లను అందరూ చూసే ఉంటారు. ఆ వారం ఆ కారు ఆగనని మొరాయించింది. సిగ్నల్ దగ్గర నెమ్మదిగా జారుకుంటూ పోయి, ముందున్న పాల వ్యానును వెనకనుంచి ముద్దుపెట్టుకుంది. పక్కసీట్లో ఉన్న ఇల్లాలు ఇంటికి చేరేదాకా నోరు విప్పలేదు. చేరాక విప్పింది.

"ఆదివారం నాటికి నేను ధైర్యంగా ఎక్కేలా ఇది ఆగాలి. లేదంటే అమ్మేయండి. మా నాన్న బండి అని నేనేం ఏడుస్తూ కూర్చోను."

"బ్రేక్ ప్యాడ్లు అరిగాయంతేనే. మారిస్తే..."

"మార్చండి. నాతో చెప్తారేం, అవి నేను తిన్నానా?"

స్పేర్ పార్టుల కొట్టు ఒక ఇరుకు సందులో ఉంది. గోడలనిండా అట్టపెట్టెలు, గాలినిండా రబ్బరు వాసన. కొట్టాయన అరిగిన ప్యాడును వేళ్లమధ్య తిప్పి చూసి, "ఇది ప్యాడు కాదు సార్, బిస్కెట్టు" అన్నాడు. నిచ్చెనెక్కి మూడు పెట్టెలు దించాడు.

"ఇది మామూలుది. తొక్కగానే పడుతుంది, కాకపోతే చక్రాలకు మసి. ఇది దీనికి అన్న, మసి రాదు. ఇదేమో..." అంటూ మూడోదాన్ని రెండు చేతులతో బల్లమీద పెట్టాడు, "రేసులకి. ఆరువందల డిగ్రీల్లో కాలుతున్నా పట్టు వదలదు."

"ఆరువందలే!"

"కానీ సార్, మీరు ఎంత స్పీడులో పోతారు?"

నలభైగారు గొంతు సవరించుకున్నారు. "మామూలుగానే."

"ఇది వేడెక్కితే గాని..."

"ఎక్కుతుందిలేవయ్యా. ఏనుగును ఆపేవాడు ఎలకను ఆపలేడా?"

కొట్టాయన బిల్లు రాసేశాడు. అన్నిటికన్నా ఖరీదైన పెట్టెను చంకన పెట్టుకుని పోతున్నవాడితో వాదించే వ్యాపారి ఇంకా పుట్టలేదు.

మెకానిక్కు కూడా వాదించకుండా బిగించాడు. మర్నాడు పొద్దున నలభైగారు మామూలుకన్నా కాస్త పొడుగ్గా ప్రార్థన చేసి, వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, గేటు దగ్గర నిలబడి చూస్తున్న ఇల్లాలి ఎదుట దర్జాగా పెడల్ తొక్కారు.

బ్రేకులు కెవ్వుమన్నాయి. ఎదురింటి పిల్లి గోడెక్కింది. మేడమీది టీచరమ్మ కిటికీ తెరిచింది. ఆ కేక వీధి వీధంతా విన్నది, ఒక్క కారు తప్ప. అది తీరిగ్గా ముందుకు పోయి, పూలకుండీని పడగొట్టి, ఏదో ఆలోచించుకుని ఆగింది.

"అరిచే కుక్క కరవదంటే కుక్కల సంగతే అనుకున్నాను" అంది ఇల్లాలు, మట్టి ఎత్తుతూ. "గుర్తుందిగా, ఆదివారం ఎల్లుండే."

నలభైగారు గ్యారేజీకి పరుగెత్తారు. మెకానిక్కు నవ్వు ఆపుకోలేదు.

"మీరు తెచ్చారు, నేను బిగించాను. పెళ్లి చేయించేవాణ్ణి పట్టుకుని పిల్లాడు మంచివాడేనా అంటే ఏం చెప్తాడు సార్? ఇవి వేడిమీద పనిచేసే సరుకు. మీ నలభైకి ఇవి దుప్పటి కప్పుకుని పడుకుంటాయి."

"అంటే ఇవి పట్టాలంటే..."

"జోరుగా పోవాలి."

"ఆగడానికా?"

"ఆగడానికే."

నలభైగారు స్టూలు మీద కూలబడ్డారు. క్షేమం కోసం కొన్న వస్తువు క్షేమాన్ని గాలికొదిలేస్తే తప్ప పనిచేయదట! ఇందులో దేవుడి లీల ఏమైనా ఉందేమోనని వెతికి చూశారు. తన తెలివితక్కువే కనిపించింది. లేచి, తిన్నగా కొట్టుకు వెళ్లి, కొట్టాయన మొహంలోకి చూడకుండా మొదటి పెట్టె కొనుక్కొచ్చారు.

శనివారం మెకానిక్కు చక్రాల లోపలి డిస్కులను గరుకు కాగితంతో రుద్ది, మామూలు ప్యాడ్లు బిగించాడు. తాళం మాత్రం వెంటనే ఇవ్వలేదు.

"తిన్నగా ఇంటికి పోకండి. కొత్త ప్యాడ్లు డిస్కుతో కలవాలి. ఖాళీ రోడ్డు చూసుకుని ఎనభైకి తీసుకెళ్లి, గట్టిగా తొక్కి ఇరవైకి దించండి. పూర్తిగా ఆపొద్దు. మళ్లీ ఎనభై. అలా ఓ ఎనిమిది పదిసార్లు."

"వీటికీ వేగమేనా!"

"ఈ ఒక్క పూటే సార్. కొత్త కాపురం లాంటిది. మొదట్లో నాలుగు గొడవలు పడితేనే తర్వాత కుదురుకుంటుంది. ఆ పైన జన్మంతా నలభైలోనే పొండి, వద్దన్నదెవరు?"

గోదాముల వెనక తిన్నని రోడ్డు ఒకటుంది. రెండో శనివారం సెలవు గనుక లారీలు లేవు. నలభైగారు దేవుణ్ణి తలుచుకుని బయల్దేరారు. నలభై దగ్గర కాలు దానంతటదే పైకి లేచింది. దాన్ని తిట్టి మళ్లీ అదిమారు. నలభైమూడు దగ్గర అది బ్రేకు మీదికి దూకింది. మూడోసారి కూడా అంతే. బండిని పక్కకు తీసి కూర్చున్నారు. ఇవాళ ఈ పని కాకపోతే రేపు బండి ఉండదు. మామగారి నమ్మకం ఎవరో ముక్కూమొహం తెలియనివాడి ఇంటిముందు నిలబడుతుంది. చాలాసేపు ఫోను వంక చూసి, చివరికి బావమరిదికి చేశారు. అతను కరెంటు పనులు చేసుకుంటాడు. ఊరంతా వ్యానులో ఈదురుగాలిలా తిరుగుతుంటాడు.

"ఏం బావా, బేరం కుదిరిందా? అక్క చెప్పిందిలే."

"అమ్మడానికి కాదురా. నువ్వొచ్చి నడపాలి."

"ఎవరూ, నేనా? బావా, ఒంట్లో బాగానే ఉందా?"

ఆ అనుమానం ఊరికే రాలేదు. మామగారు బండి అప్పగించిన రోజు, మొహం వేలాడేసుకున్న బావమరిది భుజం తట్టి, "బాధపడకురా, ఓ రౌండు నీదే" అన్నారు నలభైగారు. ఆ రౌండు అలాగే బాకీ ఉండిపోయింది. ఓసారి టైర్లు పాతవి. ఓసారి వాన. ఓసారి ఆయిల్ మార్చాలి, ఇంకోసారి రోజు మంచిది కాదు. బావమరిది మొదట్లో అడిగేవాడు, తర్వాత వెక్కిరించేవాడు, ఈమధ్య రెండూ మానేశాడు. ఆ మానేయడమే నలభైగారికి ఎక్కువ గుచ్చుకునేది.

అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సీటు వెనక్కి జరుపుకుని, అద్దం సర్దుకుని, పక్కకు చూశాడు.

"కళ్లు మూసుకుంటావా బావా?"

"నువ్వు తెరుచుకో, చాలు."

ముల్లు నలభై దాటింది, అరవై దాటింది. నలభైగారి నోట్లోని స్తోత్రం రెండో పాదం దగ్గర తెగిపోయి, దేవుడి పేరొక్కటే మిగిలింది. ఎనభై. బ్రేకు. ఇరవై. మళ్లీ ఎనభై. కాసేపటికి మాడు వాసన కొట్టింది. ఇంకాసేపటికి పెడల్ తొక్కగానే బండిని ఎవరో తోక పట్టుకుని లాగినట్టు తగ్గసాగింది. అప్పుడు కళ్లు తెరిచారు. మామగారు చెప్పిన, బండినీ మిగల్చక తానూ మిగలనివాడు ఆ సీట్లో ఎక్కడా లేడు. నిండా నీళ్లున్న గాజుగ్లాసు పట్టుకున్నట్టు స్టీరింగు పట్టుకున్న ఓ నడివయసు మనిషి ఉన్నాడు.

సాయంత్రం కారు గేటు ముందు చప్పుడు లేకుండా, అనుకున్న చోట ఆగింది. ఇల్లాలు మెట్లమీది నుంచి చూసింది.

"ఇప్పుడెక్కుతావా?" అన్నారు నలభైగారు.

"ఎక్కుతాను సరే, ఉన్నవి రెండు సీట్లేగా. దిగేదెవరు?"

బావమరిది తలుపు తీసి తాళం అందించాడు. "నేనే అక్కా. నా బాకీ తీరిపోయింది."

"అది బ్రేకుల పనిరా. అది లెక్కలోకి రాదు." నలభైగారు తనవైపు తలుపు తీసుకుని దిగి, దాన్ని ఇల్లాలి కోసం పట్టుకుని నిలబడ్డారు. "అక్కని ఎక్కించుకుని ఓ రౌండు కొట్టిరా."

"ఎక్కడిదాకా?"

"నీ ఇష్టం."

"స్పీడు?"

నలభైగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. "బ్రేకులు బాగానే ఉన్నాయిగా."

ఇల్లాలు బెల్టు బిగించుకుంది. ఆమె నాన్న బండి, ఆమె తమ్ముడి చేతిలో, వీధి చివరిదాకా బుద్ధిగా నలభైలోనే వెళ్లింది. మలుపు దగ్గర వెనక ఎర్రదీపాలు వెలిగాయి, ఆరాయి. బండి కనుమరుగైంది. మరుక్షణం అటునుంచి ఇంజను గర్జించింది. ఆ గర్జన మీదుగా "ఇంకొంచెం తొక్కరా!" అన్న ఇల్లాలి కేక వినిపించింది.