తల్లుల పరుగు పందెం

మూడో డ్రమ్ము నీళ్ళు మోసుకొచ్చి టెంటు పక్కన దించేసరికి ఆయా నడుం విరిగినంత పనైంది. పొద్దున్నుంచీ కూర్చున్నది లేదు. మైదానంలో రాళ్ళు ఏరింది. పరుగు గీతల మీద సున్నం పోసింది. అతిథుల కుర్చీలు తుడిచింది. ఎండకు తట్టుకోలేక ఒకటో తరగతి పిల్లాడు కక్కుకుంటే మన్ను చల్లి ఎత్తిపోసింది. మధ్యలో రెండుసార్లు బాత్రూములు కడిగింది.

అయినా ఆమె మొహంలో విసుగు లేదు. బడి ఆటల పోటీల్లో ఇవాళ ఆమెకు రెండు పందేలున్నాయి. ఒకటి కూతురిది, ఒకటి తనది. తనది అనుకున్నప్పుడల్లా సిగ్గూ నవ్వూ కలిసి వస్తున్నాయి.

ఈసారి తల్లులకు కూడా పరుగు పందెం పెట్టాలన్నది ఆటల టీచరు ఆలోచన. ఆ కబురు ఇంటికి మోసుకొచ్చింది కూతురు. సన్నగా, ఒకచోట నిలవకుండా ఉంటుందని ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు. ఐదో తరగతి. తల్లి ఆ బడిలో ఊడ్చినంత కాలం పిల్లకు ఫీజు లేదు. ఉద్యోగంలో ఉన్న సుఖం అదొక్కటే.

"అమ్మా, నీ పేరు ఇచ్చేశా."

"ఎక్కడిచ్చావే?"

"తల్లుల పందెంలో. టీచరు రాసుకుంది."

"మతిగాని పోయిందా నీకు? చీపురు చంకన పెట్టుకుని పరిగెత్తమంటావా?"

"రోజూ బస్సు వెంట పరిగెత్తట్లేదూ? డ్రైవరు ఆపకపోయినా ఎక్కేస్తావుగా. నిన్ను పట్టుకునే వాళ్ళున్నారా ఈ ఊళ్ళో!"

మర్నాడు ఆయా భయపడుతూ వెళ్ళి తన పేరు కొట్టేయమని ఆటల టీచరును అడిగింది. టీచరు నవ్వింది. "ఇది తల్లుల పందెం అక్కా. నువ్వు తల్లివి కావా ఏంటి?"  ఆ రాత్రి నుంచీ తల్లీకూతుళ్ళకు ఇదే ముచ్చట.

మైకులో తల్లుల పందెం పిలిచారు. ఆయా చేతులు కొంగుకు తుడుచుకుని, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, వరసలో చివరికి వెళ్ళి ఒద్దికగా నిలబడింది. మిగతావాళ్ళు బూట్లు వేసుకుని ఒకర్నొకరు ఆటపట్టించుకుంటున్నారు. పక్కనున్న బట్టల కొట్టు యజమాని భార్య ఆమెను తేరిపార చూసి ఓ అడుగు అవతలికి జరిగింది.

"ఈవిడా పరిగెత్తుతుందా? ఇందాక బాత్రూములు కడుగుతుంటే చూశానే! ఈవిడ పక్కన నిలబడి ఫొటోలో పడాలా? నా వల్ల కాదమ్మా."

ఆమెతోపాటు ఇంకో ఇద్దరు గీత దాటి పక్కకు వచ్చేశారు.

టెంటు కింద నుంచి బడి కరస్పాండెంటు గారు ఆటల టీచరును వేలితో పిలిచారు. మాటలు వినపడలేదు కానీ ఆయాకు చేతులు కనపడ్డాయి. టీచరు మొదట చేతులు తిప్పుతూ ఏదో గట్టిగా చెప్పింది. తర్వాత చేతులు కట్టుకుంది. ఆ తర్వాత అవి జారిపోయినట్టు కిందికి వేలాడాయి. చేతులు అలా ఎప్పుడు వేలాడతాయో ఆయాకు ఒకరు చెప్పక్కర్లేదు. టీచరుది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ ఉద్యోగం మీదే మంచాన పడ్డ తల్లికి మందులు వస్తున్నాయి.

టీచరు నడిచి వచ్చింది. "అక్కా..." అంది. 

ఆయాయే అందుకుంది. "టీచరమ్మా, నేనే చెబుదామనుకుంటున్నా. డ్రమ్ము దించేటప్పుడు కాలు బెణికినట్టుంది. ఒకటే సలుపు. నేను తప్పుకుంటాలెండి." నమ్మకం కుదరడానికి నాలుగడుగులు కుంటింది కూడా.

టీచరు తల వంచుకుని విజిల్ ఊదింది. తల్లులు చీరలు పట్టుకుని, నవ్వుతూ, తూలుతూ పరిగెత్తారు. దమ్ము తీసుకుంటున్న వాళ్ళకు గ్లాసులతో నీళ్ళందించింది ఆయా. బట్టల కొట్టావిడ కూడా తాగింది.

పిచ్చుక ఎప్పుడొచ్చిందో వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏ కాలు?"

"ఏంటే?"

"నొప్పి ఏ కాలికి?"

"కుడికాలికి."

"ఇందాక ఎడమకాలు కుంటుతూ నడిచావుగా."

"రెండూ నొప్పేలే. పోయి నీ పందెం సంగతి చూసుకో."

"వాళ్ళేమన్నారమ్మా? నిజం చెప్పు."

"ఎవరేమంటారే నన్ను? నీ మీదొట్టు, కాలు నొప్పే."

 పిల్ల తల్లి మొహంలోకి చూసి వెళ్ళిపోయింది. కన్నబిడ్డ మీద ఒట్టేసిన నోటిని ఆయా కొంగుతో గట్టిగా అదిమిపెట్టుకుంది.

ఐదో తరగతి ఆడపిల్లల పరుగు. గెలిచేది పిచ్చుకేనని బడంతటికీ తెలుసు. సాధన చేసిన రోజుల్లో దాని వీపు తప్ప మొహం చూసిన పిల్ల లేదు. ఆయా గ్లాసులు కింద పెట్టేసి, గెలుపు రిబ్బను దగ్గరికి వెళ్ళి నిలబడింది. కూతురు తన మీదికే పరిగెత్తుకొచ్చినట్టుంటుందని అక్కడ నిలబడింది.

విజిల్ మోగింది. పిల్లలంతా దూసుకొచ్చారు. పిచ్చుక మాత్రం గీత మీదే ఉండిపోయింది.

"పరిగెత్తు! పరిగెత్తవే పిచ్చుకా!" ఇన్నేళ్ళలో ఆ మైదానంలో ఆయా గొంతు పైకి లేవడం అదే మొదలు. పిల్ల కదల్లేదు. అప్పటికే ఎవరో రిబ్బను తెంపేశారు, చప్పట్లు మోగాయి.

ఆయా పరిగెత్తింది. తానే పోసిన సున్నపు గీతల మీదుగా, జనమంతా చూస్తుండగా, ఎదురు పరుగు. కాలు నొప్పి ఊసే గుర్తు లేదామెకు. ఆమె చేరేసరికి ఆటల టీచరు వంగి పిల్ల భుజం పట్టుకుని అడుగుతోంది.

"ఏమైందమ్మా?"

"కాలు నొప్పి టీచర్."

"అయ్యో, ఎప్పట్నుంచి?"

"ఇందాకట్నుంచే. మా అమ్మకొచ్చిన నొప్పే."

టీచరు చేతిలోని విజిల్ జారిపోయింది.

ఆయా చెయ్యెత్తింది. నెలరోజుల ఆశ, తన కళ్ళముందే, కాలు కదపకుండా పోగొట్టుకుంది పిల్ల. మైకులో తన బిడ్డను మెచ్చుకుంటుంటే విందామనుకుంది. ఒక్కసారి. అంతకంటే ఏమడిగింది?

పిచ్చుక పక్కకు తప్పుకోలేదు. కళ్ళు మూసుకోలేదు. "కొట్టమ్మా," అంది. "ఒట్టు మాత్రం మళ్ళీ వెయ్యకు."

ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయింది.  ఆయా గీత మీదే కూలబడింది. పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

మైకు గరగరలాడింది. "తర్వాతి పందెం మొదలవుతోంది. గీతల మీద ఉన్నవాళ్ళు తప్పుకోవాలి."

టెంటు కింద నుంచి కరస్పాండెంటు గారి గొంతు వినపడింది. "ఆయా! ఇక్కడ నీళ్ళయిపోయాయి. ఎక్కడ చచ్చావ్?"

ఆయాకు వినపడింది. బిడ్డ జుట్టులో మొహం దాచుకుని, లేవకుండా అలాగే కూర్చుంది.